ప్రయాణం వాళ్లది, కూర్పు మనది: ఇంట్లో కూర్చుని యాత్రా చిత్రం తయారుచేసేవాళ్లకు చిట్కాలు

అండమాన్‌లోని మన చౌల్దారీ నుంచి ఒక కుటుంబం మెయిన్‌లాండ్ వెళ్లి వచ్చిందంటే సామాన్లతోపాటు రెండు మూడు ఫోన్ల నిండా వీడియోలు కూడా దిగుతాయి. ఓడ ఎక్కడం, శ్రీకాకుళంలో పెళ్లి భోజనాలు, అరసవల్లి గుడి, తిరుగు ఓడలో నిద్రపోతున్న పిల్లలు, అన్నీ ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వాళ్లలో చాలామందికి ఉత్తరాంధ్రలో ఇంకా అయినవాళ్లున్నారు కాబట్టి ఈ రాకపోకలు ఆగేవి కావు. ఆ వీడియోలన్నీ కలిపి అరగంట చిత్రంగా కూర్చే పని మాత్రం ఊళ్లో ఉండిపోయినవాళ్ల మీద పడుతుంది. తోటకీ పశువులకీ కాపలాగా మిగిలినవాళ్లు, పరీక్షలుండి వెళ్లలేనివాళ్లు, సెలవు దొరకనివాళ్లు ఆ పనికి కూర్చుంటారు.

వెళ్లనివాళ్లే ఈ పనికి తగినవాళ్లని నా గట్టి నమ్మకం. వెళ్లొచ్చినవాళ్లకు చూసిందంతా ఇంకా కళ్ల ముందే ఉంటుంది, అందుకే దేన్నీ తీసేయలేరు. అయితే వెళ్లనివాళ్లకు ఒక బాధ్యత ఉంది. ఇంకొకరి ప్రయాణాన్ని తమకు నచ్చినట్టు మార్చే హక్కు వాళ్లకు లేదు.

1. ముందు కథ వినకండి, వీడియో చూడండి.

ఓడ దిగినవాళ్లు విశేషాలు చెప్పడం మొదలుపెట్టకముందే ఫోన్లు తీసుకుని ఒంటరిగా చూడండి. పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి. నవ్వొచ్చిన చోటు, విసుగొచ్చిన చోటు, ఏం జరుగుతోందో తెలియని చోటు, మూడింటినీ రాసుకోండి. ‘అపోకలిప్స్ నౌ’కు పనిచేసిన ప్రసిద్ధ ఎడిటర్ వాల్టర్ మర్చ్, ఎడిటర్ షూటింగ్ జరిగే చోటికి వీలైనంతవరకు వెళ్లకపోవడమే మంచిదంటారు. ఆ షాట్ కోసం ఎంత కష్టపడ్డారో తెలిస్తే దాన్ని తీసేయడానికి చెయ్యి రాదు. ‘ఈ క్యూలో నాలుగు గంటలు నిలబడ్డాం’ అని బావ చెబుతాడు. తెరమీద చూస్తే ఆరు సెకన్లపాటు నలుగురి వీపులు కనిపిస్తాయి. నాలుగు గంటలు బావ మనసులో ఉన్నాయి, షాట్‌లో లేవు. ఆ తేడా వెళ్లనివాళ్లకే తెలుస్తుంది. మొదటిసారి చూసిన చూపు రెండోసారి రాదు కాబట్టి దాన్ని కాగితం మీద పట్టుకోవాలి.

2. తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి.

అందరినీ ఒకచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాళ్ల ప్రయాణమే మిగులుతుంది. అమ్మమ్మతో వేరుగా, అత్తతో వేరుగా, పిల్లలతో వేరుగా కూర్చోండి. వీడియో చూపిస్తూ అడగండి. ‘మావయ్యా, ఇదెక్కడ?’ అన్న ప్రశ్నతో ఆగకండి. ‘ఇది తీసినప్పుడు ఫోన్ ఎవరి చేతిలో ఉంది? దీనికి ముందు ఏం జరిగింది? ఏది తియ్యడం కుదరలేదు?’ అని కూడా అడగండి. ముఖ్యమైన సంగతులు తరచుగా ఫోన్ ఛార్జింగ్ అయిపోయాకే జరుగుతాయి. పుట్టిల్లు చూసి అమ్మమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయిందనుకోండి, ఆ సమయంలో ఎవరూ వీడియో తియ్యరు, తియ్యకూడదు కూడా. కానీ ఆవిడ దాన్ని మాటల్లో చెప్పగలరు.

ఆ మాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రేపు చిత్రానికి వ్యాఖ్యానం అవే. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఏది నిజమో మీరు తేల్చకండి. రెండు గొంతులూ ఉంచండి.

3. వాట్సాప్‌లో వీడియోలు తెప్పించుకోకండి.

మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోను కుదించేస్తుంది. పెద్ద తెరమీద ముఖాలు అలుక్కుపోతాయి. తప్పనిసరైతే ‘డాక్యుమెంట్’గా పంపమనండి. అప్పుడు అసలు ఫైలే వస్తుంది. చెన్నై నుంచి మన దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహం మీదే ఆధారపడిన మనకు వీడియో పంపడమంటే పెద్ద పనే. ఇప్పుడు నెట్ చాలా నయం. అయినా 4కే వీడియో గంటకు 10 జీబీకి పైగానే అవుతుంది. వచ్చేవాళ్ల చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపడమే ఇప్పటికీ తేలిక.

4. కత్తెర పెట్టే ముందు రెండు కాపీలు.

ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట మనం ఉంటున్నాం. హార్డ్‌డిస్క్‌నూ మెమరీ కార్డులనూ గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. మందుల సీసాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే పొట్లాలు పారేయకుండా దాచుకుంటే చాలు. కరెంటు పోయినా చేసిన పని పోకుండా సాఫ్ట్‌వేర్‌లో ఆటోసేవ్‌ను ఐదు నిమిషాలకు పెట్టుకోండి.

5. ఫైళ్లను తేదీ, సమయం ప్రకారం పేర్చండి. ఆకాశాన్ని చూసి సమయం ఊహించకండి.

విశాఖపట్నానికీ మనకూ రేఖాంశంలో తొమ్మిది డిగ్రీలకు పైగా తేడా. అంటే సూర్యుడి లెక్కలో సుమారు 38 నిమిషాలు మనం ముందున్నాం, గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇక్కడ పుట్టి పెరిగిన కంటికి విశాఖ బీచ్‌లోని వెలుగు అసలు సమయం కంటే ముందుదిగా అనిపిస్తుంది. ఫోన్లలో సమయం సాధారణంగా సరిగానే ఉంటుంది. పాత డిజిటల్ కెమెరాలను మాత్రం నమ్మకండి, బ్యాటరీ తీసి పెట్టినప్పుడు కొన్నింటిలో తేదీ మొదటికి వెళ్లిపోతుంది. ఒకే సంఘటనను ఫోన్, కెమెరా రెండూ తీసిన చోటు వెతికి, వాటి మధ్య తేడా ఎంతో కట్టి, మిగతా కెమెరా ఫైళ్లన్నింటినీ అంతే జరపండి.

6. చప్పట్లు కొట్టించండి.

రెండు ఫోన్లతో తీసేటప్పుడు మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ శబ్దం ఆధారంగా రెండింటినీ క్షణాల్లో కలిపేయవచ్చు. చిన్న విషయమనిపిస్తుంది. 1972లో లాస్ ఏంజిలెస్‌లోని ఒక చర్చిలో అరీథా ఫ్రాంక్లిన్ పాడిన భక్తిగీతాల కచేరీని చిత్రీకరించినప్పుడు క్లాపర్ బోర్డు వాడలేదు. బొమ్మకూ పాటకూ జత కుదరలేదు. ‘అమేజింగ్ గ్రేస్’ అనే ఆ చిత్రం ప్రేక్షకుల ముందుకొచ్చేసరికి 2018 అయింది. ఈసారి ప్రయాణమయ్యేవాళ్లకు ఈ సంగతి చెప్పి పంపండి.

చప్పట్లు కొట్టకుండా తీసిన వీడియోలే చేతికొస్తే, మాట్లాడేవాళ్ల పెదవులు చూడండి. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు తప్పకుండా మూసుకుంటాయి. ‘అమ్మ’, ‘బాబు’, ‘పాప’ అన్న మాట ఎక్కడుందో వెతికి అక్కడ శబ్దాన్ని అతికించండి. కొంతదూరం వెళ్లాక మళ్లీ తప్పుతోందా? చాలా ఫోన్లు సెకనుకు ఒకే సంఖ్యలో ఫ్రేములు తియ్యవు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటును స్థిరంగా మార్చి, ఆ ఫైలుతో పని మొదలుపెట్టండి.

7. సముద్రం మీద ఎక్కువసేపు ఆగకండి, సముద్రంలో ఉన్న మనుషుల దగ్గర ఆగండి.

ఓడ ఎక్కిన ప్రతివాళ్లూ మొదటి రోజు అలలే తీస్తారు. నురగ, దిగంతం, ఎగిరే చేపలు దొరికితే మంచిదే. కానీ విశాఖ నుంచి ఇక్కడికి ఓడ ప్రయాణం సుమారు 56 గంటలు. రెండు పగళ్లు, రెండు మూడు రాత్రుళ్లు. అంత పొడవు ప్రయాణాన్ని వెళ్లనివాళ్లకు అనుభవంలోకి తేవాలంటే అలలు సరిపోవు. బంక్ క్లాసులో వరసగా మంచాలు, ఎదురుబొదురు మనుషులు, తాడు కట్టి ఆరేసిన తువ్వాళ్లు, భోజనం వేళకు కంచాలు పట్టుకుని క్యూలో నిలబడిన జనం, డెక్ మీద పేకాట, వాంతులతో నీరసించి ఎవరి ఒళ్లోనో తల పెట్టి పడుకున్న పిల్ల, పక్క మంచం మీదావిడతో అప్పుడే కలుపుకున్న చుట్టరికం. ఓడ ప్రయాణమంటే ఇదే. ఇవి తీసిన ఫైళ్లు తరచుగా వణుకుతూ, చీకటిగా ఉంటాయి. అందుకే వాటిని పక్కన పెట్టి అందమైన సూర్యోదయం పెట్టాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

కాలం గడిచిందని చూపడానికి మూడు షాట్లు చాలు. ఒకే కిటికీ లేదా ఒకే డెక్ చోటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. మొదటి రోజు షాట్లను పొడుగ్గా ఉంచండి. రెండో రోజు ఇంకా పొడుగ్గా ఉంచండి. మనుషులకు ఏమీ తోచని రోజు అది. నేల కనిపించే మూడో రోజుకొచ్చేసరికి షాట్లు చకచకా మారాలి. ఓడ మీద జనం కదలిక కూడా అప్పుడే పెరుగుతుంది, సంచులు సర్దుతారు, పిల్లలు రెయిలింగ్ దగ్గరికి పరిగెడతారు. ఇక్కడి హడ్డో జెట్టీ దగ్గర చేతులూపే చుట్టాలు దొరికారా, వాళ్ల ముఖాలను తొందరగా కత్తిరించకండి. వాళ్లు కూడా మీలాగే వెళ్లనివాళ్లు.

8. ఓడ ఊపును సరిచేయకండి.

సాఫ్ట్‌వేర్‌లో స్టెబిలైజర్ అనే బటన్ ఉంటుంది. నేల మీద నడుస్తూ తీసిన షాట్‌కు అది మేలే చేస్తుంది. ఓడలో తీసినదానికి వాడితే అది రెయిలింగ్‌ను నిలబెట్టబోయి దిగంతాన్ని సాగదీస్తుంది, గోడలు రబ్బరులా వంగుతాయి. ఓడ ఊగింది కాబట్టి బొమ్మా ఊగాలి. చూసేవాళ్లకు తల తిరిగేంతగా ఉంటే షాట్ నిడివి తగ్గించండి.

9. శబ్దం సగం చిత్రం.

ఇంజన్ హోరు అడుగున గురగురమని ఉంటుంది. 80 నుంచి 100 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న శబ్దాన్ని తగ్గిస్తే మాటలు తేటపడతాయి. పూర్తిగా తీసేస్తే మాత్రం ఓడలో ఉన్నామన్న భావన పోతుంది. ఒక నిమిషం పాటు ఎవరూ మాట్లాడని ఇంజన్ శబ్దాన్ని వేరుగా కత్తిరించి ఉంచుకోండి. షాట్లు మారే చోట అడుగున పరిస్తే అతుకులు వినిపించవు. పెళ్లి పందిట్లో డప్పు, సన్నాయి ఉంటే పైనుంచి సినిమా పాట వేయకండి. అక్కడ మోగింది అదే.

వ్యాఖ్యానం రికార్డు చేసేది మన ఇళ్లలో. రేకుల కప్పు మీద వాన మొదలైతే ఆ రోజుకు పని ఆపేయాల్సిందే. రాత్రయితే కప్పలు, కీచురాళ్లు. తెల్లవారుజామున, వాన లేనప్పుడు, బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చోబెట్టి రికార్డు చేయండి. చీరలూ దుప్పట్లూ ప్రతిధ్వనిని బాగా పీల్చుకుంటాయి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి.

10. ‘మేం వెళ్లాం’ అని మీ గొంతుతో చెప్పకండి.

వెళ్లనివాళ్లు వెళ్లినట్టు మాట్లాడితే ఇంట్లోవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, తెలియనివాళ్లను మోసగించినట్టవుతుంది. ప్రయాణం గురించి చెప్పే ప్రతి మాటా వెళ్లినవాళ్ల నోటి నుంచే రావాలి. రెండో చిట్కాలో రికార్డు చేసినవి ఇక్కడ పనికొస్తాయి. మీ గొంతు అవసరమైతే మీకు తెలిసినదే చెప్పండి. వాళ్లు లేనప్పుడు చౌల్దారీలో ఇల్లు ఎలా ఉంది, ఎప్పుడు ఫోన్ వచ్చింది, ఓడ బయలుదేరాక సిగ్నల్ పోయి కబురు తెలియని ఆ రెండు రోజులు ఎలా గడిచాయి, ఇవి చెప్పవచ్చు. ఎదురుచూడటం కూడా ఆ ప్రయాణంలో భాగమే. అది చెప్పగలిగేది మీరొక్కరే.

11. లేని షాట్‌ను ఇంటర్నెట్ నుంచి తెచ్చి పెట్టకండి.

సింహాచలం గుడి షాట్ దొరకలేదని ఎవరిదో డ్రోన్ వీడియో అతికిస్తే, చూసేవాళ్లు మీవాళ్లే అది తీశారనుకుంటారు. ఈ ఆశ ఈనాటిది కాదు. షాకల్టన్ అంటార్కిటికా యాత్రను చిత్రించిన ఫ్రాంక్ హర్లీ, జంతువుల దృశ్యాలు చాలవని 1917లో తిరిగి దక్షిణ జార్జియా దీవికి వెళ్లి వాటిని తీసుకొచ్చాడు. 1919 నాటి ‘సౌత్’ చిత్రంలో అవి చేరాయి. చిత్రం ఇప్పటికీ గొప్పదే. కానీ ఏది యాత్రలో తీసిందో, ఏది తర్వాత తీసిందో చూసేవాళ్లకు విడిగా తెలియదు.

దొరకని చోట దారులు మూడున్నాయి. చెప్పిన మాటను నల్లని తెరమీద వినిపించండి. లేదా అక్కడి నుంచి తెచ్చిన టికెట్, ప్రసాదం కవరు, పెళ్లి శుభలేఖ దగ్గరగా చిత్రించండి. లేదా కాగితం మీద బంగాళాఖాతం గీసి, ఓడ దారిని పెన్సిల్‌తో చేత్తో గీస్తూ తియ్యండి. పిల్లలచేత గీయిస్తే ఇంకా బాగుంటుంది.

వరస మార్చడం గురించి నేను పాటించే హద్దు ఇది. ఒకే చోట, ఒకే పూట తీసిన షాట్లను ముందువెనకలు చేయవచ్చు. ఒక రోజు నవ్వును ఇంకో రోజు మాటకు జవాబుగా అతికించకూడదు.

12. వదిలేయడానికి ఒక ఫోల్డర్.

ఇదే హర్లీ, తామెక్కిన ఓడ ‘ఎండ్యూరెన్స్’ 1915లో మంచులో చిక్కి నలిగిపోయినప్పుడు, మోయగలిగినన్ని గాజు నెగటివ్‌లే తీసుకెళ్లాలని షాకల్టన్‌తో కలిసి సుమారు 120 ఎంచుకుని, మిగతా 400 దాకా అక్కడే పగలగొట్టాడు. మళ్లీ మనసు మారకుండా. మనం పగలగొట్టనక్కర్లేదు, ‘వద్దు’ అని ఒక ఫోల్డర్ పెట్టి అందులో వేస్తే చాలు. ఎంచుకోవడానికి మర్చ్ ఒక కొలత చెప్పారు. కోత ఎక్కడ పెట్టాలనేదాంట్లో భావోద్వేగానికి 51 శాతం, కథకు 23 శాతం, లయకు 10 శాతం విలువ ఇచ్చారు. మిగతా సాంకేతిక విషయాలన్నీ ఆ తర్వాతే. బొమ్మ వణికినా ముఖంలో భావం నిజమైతే ఉంచండి.

13. నిలువు వీడియోల పక్కనున్న ఖాళీని మసక బొమ్మతో నింపకండి.

రెండు నిలువు షాట్లు పక్కపక్కన పెట్టండి. దొరక్కపోతే నలుపే మేలు.

14. పేర్లు తేదీని బట్టి రాయండి.

2018 డిసెంబరు 30న హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ శహీద్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. పాత వీడియోలో మనుషులు అప్పటి పేరే పలుకుతారు. తెరమీద అక్షరాల్లో పాత పేరు ముందు, కొత్త పేరు పక్కన వేస్తే శ్రీకాకుళంలో చూసే చుట్టాలకూ, రేపు చూసే పిల్లలకూ గందరగోళం ఉండదు. మనుషుల పేర్లు కూడా వేయండి, వరసతో సహా. ‘అమ్మమ్మ చిన్న చెల్లెలు’ అని రాస్తే తర్వాతి తరం మిమ్మల్ని తలుచుకుంటుంది.

15. మాటల యాసను దిద్దకండి.

మనవాళ్లు తెలుగులోకి హిందీ, హిందీలోకి తెలుగు కలిపేస్తారు. శ్రీకాకుళంలోని పెద్దలు సిక్కోలు యాసలో మాట్లాడతారు. అడుగున అక్షరాలు వేసేటప్పుడు వాళ్లు అన్నది అన్నట్టే రాయండి. పుస్తకాల తెలుగులోకి మారిస్తే అది ఆ పెద్దావిడ మాట కాకుండా పోతుంది.

16. దొరికిందల్లా చూపించడానికి కాదు.

ఉత్తరానికి, రంగత్ వైపో మాయాబందర్ వైపో బస్సులో వెళ్లినవాళ్ల ఫోన్లలో జిర్కాటాంగ్ దాటాక తీసినవి ఉన్నాయేమో చూడండి. ఆ దారిలో ఉండే జారవా తెగవాళ్ల ఫొటోగానీ వీడియోగానీ తీయడం 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనల కింద నేరం, 2012లో శిక్షలు ఇంకా కఠినం చేశారు. అలాంటి ఫైలు కనిపిస్తే చిత్రంలో పెట్టకండి, ఎవరికీ పంపకండి. తీసినవాళ్లకు విషయం వివరంగా చెప్పండి. చట్టం ఒక్కటే కాదు, జారవాలు మన ప్రయాణంలో వినోద వస్తువులు కారు. నౌకాదళం చోట్లు, రేవు భద్రతా ప్రాంతాలు కనిపించే షాట్లు కూడా తీసేయండి. విశాఖలోనూ ఇక్కడా రెండు చోట్లా ఇది వర్తిస్తుంది.

ఇంకో రకం ఉంది, అది కష్టం. చాలా కుటుంబాలు మెయిన్‌లాండ్ వెళ్లేది వైద్యం కోసం. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి, చావు కబురు విన్న క్షణం, ఆస్తి పంపకాల్లో ఎత్తిన గొంతు, ఇవన్నీ ఫోన్‌లో ఉండిపోతాయి. అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య వేసవులు గడిపిన తిమోతీ ట్రెడ్‌వెల్ 2003లో ఎలుగుబంటి దాడిలో చనిపోయాడు. అతను వదిలివెళ్లిన సుమారు వంద గంటల వీడియోతో, ఆ ప్రయాణాల్లో ఎప్పుడూ పాల్గొనని వెర్నర్ హెర్జోగ్ 2005లో ‘గ్రిజ్లీ మ్యాన్’ తీశాడు. ఆ చావు తాలూకు శబ్దం కూడా రికార్డయి ఉంది. హెర్జోగ్ దాన్ని హెడ్‌ఫోన్‌లో విన్నాడు. ప్రేక్షకులకు వినిపించలేదు. టేపు దగ్గరున్న స్నేహితురాలితో దాన్ని ఎప్పటికీ వినొద్దనీ, నాశనం చేయమనీ అన్నాడు. ఇంకొకరి జీవితాన్ని కూర్చడానికి కూర్చున్న ప్రతివాళ్లూ ఆ నిర్ణయం గుర్తుంచుకోవాలి. ఇంటి పెద్దలను అడగండి. ఆ వీడియోలో ఉన్న మనిషినే అడగగలిగితే ఇంకా మంచిది. వద్దంటే కారణం అడక్కండి.

17. రెండు జట్లకు విడిగా చూపించండి.

మొదట వెళ్లినవాళ్లకు చూపించి, ‘ఇది మీ ప్రయాణమేనా, ఎక్కడైనా జరగనిది జరిగినట్టుందా?’ అని మాత్రమే అడగండి. ఇంకో నాలుగు షాట్లు చేర్చమంటారు, వినండి, వెంటనే ఒప్పుకోకండి. తర్వాత పక్కింటివాళ్లకు, వెళ్లని చుట్టాలకు చూపించండి. వాళ్లను ఏమీ అడగకుండా ముఖాలు చూడండి. ఎక్కడ ఫోన్ తీసి చూసుకున్నారో అక్కడ నిడివి ఎక్కువైంది. ‘ఈయనెవరు?’ అని ఎక్కడ అడిగారో అక్కడ పేరు వేయాలి. ఈ రెండో జట్టు చెప్పినదాన్ని బట్టి నిడివి మార్చండి. మొదటి జట్టు చెప్పినదాన్ని బట్టి నిజం సరిచేయండి. రెండింటికీ పొసగకపోతే నిజానికే ఓటు వేయండి, చిత్రం ఒక నిమిషం సాగినా ఫరవాలేదు.

18. చివరి ఫైలుతోపాటు ఒక కాగితం.

పూర్తయిన చిత్రాన్ని మామూలు టీవీలో కూడా ఆడేలా ఎంపీ4గా, 1080 పిక్సెళ్లలో తీయండి. కత్తిరించని అసలు ఫైళ్లను అలాగే దాచండి. ఎవరు తీశారు, ఏ తేదీల్లో, ఏ ఊళ్లలో, ఎవరెవరు కనిపిస్తారు, ఏ భాగం తర్వాత చేర్చారు అన్నది ఒక పేజీలో రాసి, టైపు చేసి, అదే ఫోల్డర్‌లో ఉంచండి. అదే పేజీ ప్రింటు తీసి డబ్బాలో హార్డ్‌డిస్క్‌తోపాటు పెట్టండి. కొన్ని పెన్‌డ్రైవ్‌లలో వేసి తర్వాతి ఓడకు వెళ్లేవాళ్లతో శ్రీకాకుళం పంపండి. అక్కడివాళ్లు తీసిన వీడియోలు కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేసి తిరిగి పంపమని చెప్పండి. మనవాళ్లు ఊరెళ్లడం వాళ్ల గుమ్మంలోంచి ఎలా కనిపించిందో అందులో ఉంటుంది.